అడిగితే లేదంటుంది

మాత్రల డబ్బా కనబడలేదు.

కృష్ణప్రియ వంటింట్లో అరలన్నీ దింపేసింది. పోపు డబ్బాలు, ఊరగాయ జాడీలు, అటుకుల సీసా అన్నీ నేల మీదికి చేరాయి. వెతుకుతున్నది గుప్పెట్లో పట్టేంత తెల్ల డబ్బా. సోమవారం ఏలూరు ఆస్పత్రివాళ్ళు మా అక్కయ్య కామేశ్వరిని ఇంటికి పంపేస్తూ దాన్ని చేతిలో పెట్టారు. రోగానికి ఇక చెయ్యగలిగిందేమీ లేదన్నారు. నొప్పికి మాత్రం ఇది ఉందన్నారు. నాలుగేసి గంటలకొకటి.

"బాబాయిగారూ, మీరేమన్నా తీశారా అండీ?"

"నేనెందుకు తీస్తానమ్మా?"

"మరి దానికి కాళ్ళొచ్చాయా?"

కృష్ణప్రియ నా మేనల్లుడి భార్య. మేనల్లుడు నాగసాయి వంటింటి గడప మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. తల్లి కోసం ఏలూరు ఆఫీసులో వారం రోజులు సెలవు పెట్టాడు. సెలవు పెట్టి ఏం చేస్తున్నాడంటే, ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఆఖరి మాత్ర ఎప్పుడు వేశావు?" అని అడిగాను.

"నేను వెయ్యలేదండి. బుధవారం నుంచి మావయ్యగారే చూసుకుంటానన్నారు. నువ్వు అలిసిపోయావు, పడుకో, నేనుంటాను అన్నారు. వేస్తున్నారనే అనుకున్నాను. ఇందాక అత్తయ్యగారి దుప్పటి మార్చాను. పిండితే నీళ్ళొచ్చేలా ఉందండి చెమటతో. అప్పుడు వచ్చింది అనుమానం."

నాగసాయి తల ఎత్తకుండానే అన్నాడు. "నాన్న తీశారు."

"మీకు తెలుసా?" అంది కృష్ణప్రియ.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"బుధవారం."

"రెండు రోజుల్నించి నేను అత్తయ్యగారి పక్కనే కూర్చుని, మాత్రలు బాగానే పనిచేస్తున్నాయండీ అని మీతో చెబుతుంటే, మీరు ఊఁ కొట్టారు."

"నాన్న చెప్పద్దన్నారు ప్రియా."

ఆమె చేతిలోని జాడీని జాగ్రత్తగా కింద పెట్టింది. నేనైతే పగలగొట్టేవాణ్ణి.

మా బావ సోమసుందరం పూజగదిలో గంధం తీస్తున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. బడిలో తెలుగు పంతులుగా రిటైరయ్యాడు. పౌరోహిత్యంలో మాత్రం ఇంకా రిటైరవలేదు. కొల్లేటి ఒడ్డునున్న ఈ ఊళ్ళన్నిట్లో పెళ్ళికీ చావుకీ ఆయనే వెళ్ళాలి.

"డబ్బా ఇవ్వండి బావగారూ."

"కూర్చోవోయ్."

"కూర్చోడానికి రాలేదు."

"ఇక్కడే ఉంది. దేవుడి అరలో. ఇక్కడే ఉంటుంది."

అబద్ధం ఆడలేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఆయన అబద్ధం ఆడడు, గొంతు పెంచడు, చెప్పిన మాట వెనక్కి తీసుకోడు.

"యాభై ఏళ్ళుగా ఎంతమంది మంచాల పక్కన కూర్చున్నానో నీకు తెలుసు కోదండం. పోయేవాళ్ళ చెవిలో నారాయణ నామం చెప్పాను. తెలివి ఉన్నవాడు అందుకున్నాడు. లేనివాడికి చెప్పినా ఒకటే, కుండకి చెప్పినా ఒకటే. ఆ మాత్ర వేశాక మీ అక్క రెండు రోజులు మొద్దులా పడుంది. నన్ను గుర్తుపట్టలేదు. ఊరందరికీ ఆఖరి నామం చెప్పినవాడి పెళ్ళాం, నామం లేకుండా మత్తులో పోవాలా?"

"నొప్పి మాటేవిటి?"

"లేదు. పూటకి పదిసార్లు అడుగుతున్నాను. నొప్పిగా ఉందా కామేశ్వరీ అంటే, లేదండి అంటోంది. నువ్వెళ్ళి అడుగు."

"యాభై మూడేళ్ళ కాపురంలో ఏదైనా ఉందని మీతో ఎప్పుడైనా చెప్పిందా?"

గంధం అరగదీస్తూనే అన్నాడు. "పెదాలు చూశావా? బుధవారం నుంచి ఆగకుండా కదులుతున్నాయి. మాత్ర ఆపాకే మొదలైంది. జపం అది. ఆవిడ చేసుకున్న పుణ్యం."

నేను నోరు మూసుకుని ఇవతలికి వచ్చేశాను. ఎందుకంటే ఆ ఇంట్లో నేను తిని కూర్చున్నవాణ్ణి. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమస్తాగా చేశాను. నాలుగేళ్ళ క్రితం భార్య పోయింది. పిల్లలు లేరు. అక్కయ్య వచ్చి, నా పెట్టె తనే సర్ది, నన్ను తీసుకొచ్చి ఈ ఇంటి వెనక గదిలో పెట్టింది. ఆ గది ఆవిడ మొగుడిది. నేను మరిచిపోయినా ఆ సంగతి గది మరిచిపోదు.

శుక్రవారం కదా, తొమ్మిది కాకుండానే ఆడవాళ్ళు రావడం మొదలైంది.

పసుపు కుంకుమలతో వెళ్ళిపోతున్న ముత్తైదువ చేత్తో బొట్టు పెట్టించుకుంటే మంచిదట. అక్కయ్యని హాల్లో నవారు మంచం మీద పడుకోబెట్టారు. కొత్త చీర చుట్టారు. తల్లో చేమంతులు పెట్టారు. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టారు. పక్కన స్టూలు మీద భరిణె. వచ్చినావిడ మంచం దగ్గర వంగుతుంది. అక్కయ్య కుడి చెయ్యి ఎత్తాలి, భరిణెలో వేలు ముంచాలి, వంగిన నుదుటిదాకా తీసుకెళ్ళాలి.

రోగం గర్భసంచిలో పుట్టింది. అక్కణ్ణించి వెన్నులోకీ పక్కటెముకల్లోకీ పాకింది. ఆ ఎముకల మీదుగా చెయ్యి లేవాలి.

పదకొండుమంది వచ్చారు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

ఎనిమిదో మనిషి సత్యవేణి. చేపల చెరువుల వీర్రాజు భార్య. బొట్టు పెట్టించుకుని, అక్కయ్య పాదాలు కళ్ళకద్దుకుని, నా దగ్గరికి వచ్చింది.

"ఎంత కళగా ఉన్నారోనండి కామేశ్వరమ్మగారు! కళ్ళల్లో ఆ నీళ్ళు చూడండి. భక్తండి అది. మా అత్తగారు ఇదే రోగంతో పోయిందండి. వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. దేనికైనా పుణ్యం ఉండాలి కదండీ."

"మీ అత్తగారు అరిచింది కాబట్టి మీకు తెలిసింది" అన్నాను.

"అదేవిటండి అలాగంటారు?"

"మరెలా అనాలి?"

ఆవిడ పక్కావిడతో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. పెళ్ళాం పోయినప్పట్నించీ ఈయనకి నోటికి అదుపు లేదంది. నిజమే. లేదు.

నా భార్య సుభద్ర కూడా ముత్తైదువగానే పోయింది. కాటికి తీసుకెళ్తుంటే అదృష్టవంతురాలన్నారు. నా మొహం మీదే అన్నారు. పోయేముందు మూడు నెలలు ఆవిడ కుర్చీ పట్టుకుని నడిచేది. నడుం పట్టేసిందండీ అనేది. కాఫీ ఆలస్యమైందని నేను కసిరేవాణ్ణి. అంతకంటే చెప్పను.

పదకొండో ఆవిడ వెళ్ళాక మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. అక్కయ్య కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. వాటికి చెవి ఆనించాను.

నామం లేదు. ఏ మాటా లేదు. పళ్ళ సందుల్లోంచి గాలి వస్తోంది, అంతే. వేడి ముద్ద నోట్లో పెట్టుకుని, ఉమ్మలేక మింగలేక ఊదుకుంటున్నట్టు.

"అక్కయ్యా, నొప్పా?"

నేనూ అందరూ అడిగిందే అడిగాను.

"లేదురా" అంది. కాసేపాగి, "కాఫీ తాగావా?" అంది.

పదకొండున్నరకి ఇమ్మానుయేలు వచ్చాడు. ఆస్పత్రిలో చేరలేని రోగుల్ని ఇళ్ళకొచ్చి చూసే నర్సు. ఏలూరు నుంచి కొల్లేటి రోడ్డు మీదుగా బండి మీద వస్తాడు. దుమ్ము దులుపుకుని వసారాలోనే నిలబడ్డాడు.

"రావయ్యా, లోపలికి రా" అన్నాడు మా బావ. మర్యాదకి ఆయనెప్పుడూ లోటు చెయ్యడు. "అయితే ఆవిడ జపంలో ఉంది. ముట్టుకోకూడదు."

"ముట్టుకోనండి. చూస్తానండి."

ముట్టుకోకూడదన్నది జపం వల్లనా, ఇమ్మానుయేలు వల్లనా అని ఎవరూ అడగలేదు. ఇమ్మానుయేలూ అడగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. అయిదు నిమిషాలు చూస్తూ నిలబడ్డాడు. అంతసేపు ఆవిణ్ణి ఊరికే చూసినవాడు ఆ ఇంట్లో ఇంకొకడు లేడు.

తరవాత నన్నూ కృష్ణప్రియనీ దగ్గరికి పిలిచాడు.

"కాలివేళ్ళు చూడండి. ముడుచుకున్నాయా? పడుకున్న మనిషికి వేళ్ళు వదులుగా ఉండాలండి."

చూశాం. గోళ్ళు అరికాళ్ళలోకి దిగేలా ఉన్నాయి.

"నుదురు చూడండి. అంత బొట్టు పెట్టేశారు గాని, దాని కింద ముడత ఉందండి. పై పెదవి మీద చెమట. ఫాన్ తిరుగుతున్నా చెమట. ఎడం చెయ్యి ఎక్కడుందో చూడండమ్మా."

కృష్ణప్రియ వంగి చూసింది. చీర చెంగు కింద, మంచం అంచున, అక్కయ్య ఎడం చెయ్యి నవారుని పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"ఊపిరి పైపైనే తీస్తున్నారండి. లోపలికి తీస్తే ఎముకలు కదులుతాయి కదండీ. కదలకుండా ఉంటే ప్రశాంతంగా ఉన్నారనుకుంటాం. కదలడానికి భయపడి అలా ఉన్నారండి."

"నొప్పి లేదని ఆవిడే చెబుతోంది కదయ్యా" అన్నాడు మా బావ.

ఇమ్మానుయేలు కొంచెం వంగి అక్కయ్యని అడిగాడు. "అమ్మగారూ, రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకున్నారండి?"

అక్కయ్య కళ్ళు తెరిచింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

"తిరగలేదు బాబూ."

"మొన్న రాత్రో?"

"మొన్నా లేదు."

"మంచినీళ్ళు తాగారా పొద్దున్నించీ?"

"మింగితే కదులుతుంది కదా" అంది. తర్వాత మొగుడి మొహం చూసి కళ్ళు మూసుకుంది.

"నొప్పా అని అడిగితే లేదంటారండి ఇలాంటోళ్ళు" అన్నాడు ఇమ్మానుయేలు. "అది అడక్కూడదండి. ఏం మానేశారో చూడాలి. తిరగడం మానేశారు, నీళ్ళు మానేశారు. మాత్రలు ఎప్పుడాపారండి?"

"బుధవారం" అంది కృష్ణప్రియ.

అతను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. "మొదటి రెండు మూడు రోజులేనండి ఆ మగత. తరవాత తేరుకుంటారు. మాట్లాడతారు. మనుషుల్ని గుర్తుపడతారు. సరిగ్గా తెలివొచ్చే రోజున ఆపేశారండి."

మా బావ మొహంలో రంగు మారింది. నేను చూశాను. ఒక్క క్షణం ఆయన మాట వెనక్కి తీసుకుంటాడనుకున్నాను.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు" అన్నాడు. "కాకపోతే? నేను పొరబడితే ఆవిడకి నాలుగు రోజుల బాధ. నువ్వు పొరబడితే ఎన్ని జన్మలో చెప్పగలవా?"

ఇమ్మానుయేలు తల దించుకున్నాడు. దానికి మందు అతని సంచిలో లేదు.

"ఆవిడనే అడుగుదాం" అని మా బావ మంచం దగ్గరికి వచ్చాడు. "కామేశ్వరీ. నువ్వే చెప్పు. మాత్ర వెయ్యమంటావా?"

అందరం ఆవిడ మొహమే చూస్తున్నాం. ఆవిడ ఆయన మొహం చూసింది. అన్నంలో ఉప్పు సరిపోయిందా లేదా అని యాభై మూడేళ్ళు ఆ మొహంలోనే చూసుకుంది.

"వద్దులెండి" అంది.

మా బావ పూజగదిలోకెళ్ళి డబ్బా తెచ్చి ఇమ్మానుయేలు పక్కన పెట్టాడు. చేతికివ్వలేదు. స్టూలు మీద పెట్టాడు.

"వాడనివి నేను వెనక్కి పట్టుకెళ్ళాలండి. రూలు" అన్నాడు ఇమ్మానుయేలు. "ఒకసారి వెనక్కెళ్తే, మళ్ళీ ఇంట్లోవాళ్ళు ఏలూరు వచ్చి డాక్టరుగారితో రాయించుకుంటేగాని ఇవ్వరండి. ఎవరైనా బాధ్యత నాదని సంతకం పెడితే ఇక్కడే వదిలేసి వెళ్తాను."

రిజిస్టరు తెరిచాడు. నాగసాయి తండ్రి వైపు చూశాడు. కృష్ణప్రియ ముందుకి అడుగేసింది.

"ప్రియా" అన్నాడు నాగసాయి. ఒక్క మాటే. ఆమె ఆగిపోయింది.

నేను పెట్టాను సంతకం.

"పెట్టుకో" అన్నాడు మా బావ నెమ్మదిగా. "డబ్బా నీ దగ్గరే ఉంచుకో. నేను దొంగని కాను. కాని నా మాట దాటి ఆవిడ నోట్లో ఒక్క మాత్ర వేశావో, ఆవిణ్ణి కాటికి తీసుకెళ్ళిన రోజునే నీ పెట్టె వీధిలో ఉంటుంది."

కోపంగా అన్నా బాగుండేది. పంచాంగం చదివినట్టు అన్నాడు.

వెళ్ళేముందు ఇమ్మానుయేలు వసారాలో నాతో అన్నాడు. "ఆ బొట్టు పెట్టించడం ఆపించండి సార్. ఆ చెయ్యి ఎత్తించకండి." అది మా బావకీ వినబడింది. ఇవాళ్టికి ఇంకెవర్నీ రావద్దని చెప్పమని ఆయనే అన్నాడు. మంచివాడే. మంచివాళ్ళతో పోట్లాడ్డం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

ఒంటిగంటకి మా బావ స్నానానికి వెళ్ళాడు. స్నానం, మడిబట్ట, మహానైవేద్యం, భోజనం. ఇంకో గంటన్నర దాకా హాల్లోకి రాడు.

డబ్బా నా చొక్కా జేబులో ఉంది. మాత్ర తీసి రెండు చెంచాల మధ్య నలిపాను. తీర్థం గిన్నెలో పోసి, తులసి దళం వేసి, పచ్చకర్పూరం కొంచెం ఎక్కువే చిదిపి వేశాను. ఊరికే ఇస్తే వద్దంటుంది. మొగుడితో వద్దని చెప్పాక తమ్ముడితో కావాలనదు. తీర్థమైతే కాదనదు.

మోసమే.

కృష్ణప్రియ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఏం చేస్తున్నారని అడగలేదు. లోపలికెళ్ళి ఉద్ధరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. "చెంచాతో వద్దండి. ఒలుకుతుంది."

"అక్కయ్యా, తీర్థం" అన్నాను.

నోరు తెరిచింది. మింగడానికి చాలాసేపు పట్టింది. మొహం చిట్లించింది.

"చేదుగా ఉందేవిట్రా?"

"కర్పూరం ఎక్కువ పడింది."

నా వైపు చూసింది. యాభై మూడేళ్ళు ఆ ఇంట్లో తీర్థం కలిపింది ఆవిడే. కర్పూరం చేదు ఎంతో ఆవిడకి తెలుసు.

"ఇంకా ఉందా?" అంది.

మిగిలింది కూడా పోశాను.

రెండింటికల్లా కాలివేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఎడం చెయ్యి నవారు వదిలేసింది. అరచేతిలో నవారు నేత అచ్చు పడి ఉంది. పెదాలు ఆగిపోయాయి. గట్టిగా ఒక ఊపిరి తీసుకుని, తనంతట తనే గోడవైపు ఒత్తిగిలింది. కృష్ణప్రియ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

రెండున్నర దాటాక మా బావ హాల్లోకి వచ్చాడు. ముందు ఆ పెదాలు చూశాడు. కదలడం లేదు. గబగబా వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి ఆడుతోంది. నిండుగా ఆడుతోంది.

అలాగే నేల మీద కూలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూశావా కోదండం" అన్నాడు. "మాత్ర లేదు, మత్తు లేదు. ఎలా నిద్రపోతోందో చూడు. పసిపిల్లలా. రెండు రోజులు నామం చెప్పుకుంది, భగవంతుడు విన్నాడు."

నేను ఆయన మొహం చూస్తూ ఉండిపోయాను. ఆ మొహం అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"సాయీ! సత్యవేణికి ఫోన్ చెయ్యరా. పొద్దున్న బొట్టు దొరక్క వెనక్కెళ్ళినవాళ్ళందర్నీ సాయంత్రం దీపాలవేళకి రమ్మను. మీ అమ్మకి బాగుందని చెప్పు. ఆ తర్వాత బండి తీసి, ఆ డబ్బా ఏలూరులో ఇచ్చేసి రా. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరికి చెయ్యి దురద పెడుతుంది."

సాయంత్రం ఆరింటికి దీపాలవేళ. ఆరింటికి మాత్ర దిగిపోయి ఉంటుంది. ఆ చెయ్యి ఎత్తాలి, వేలు ముంచాలి, నుదుటిదాకా తీసుకెళ్ళాలి.

"మాత్ర వేశాను బావగారూ" అన్నాను.

నాగసాయి ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసేశాడు.

"ఏవిటీ?"

"నేనే వేశాను. ఒంటిగంటన్నరకి. తీర్థంలో కలిపి పోశాను. ఆ నిద్ర మీ దేవుడిచ్చింది కాదు, ఏలూరు డాక్టరిచ్చింది. దీపాలవేళకి అదీ ఉండదు. ఎవర్నీ రమ్మనకండి."

మా బావ లేచాడు. లేవడానికి మంచంకోడు పట్టుకోవలసి వచ్చింది. వంగి భార్యని పిలిచాడు.

"కామేశ్వరీ."

అక్కయ్య కళ్ళు తెరిచింది. మగత ఉంది గాని, మనిషిని గుర్తుపట్టింది.

"వీడు నీకు తీర్థంలో మాత్ర కలిపి పోశాడా?"

అక్కయ్య ఆయన్ని చూసింది. నన్ను చూసింది.

"లేదండి."

"అక్కయ్యా!"

"తీర్థం పోశాడండి" అంది. నాలుక తడబడుతోంది. "తీర్థమే. వాడేదో కోపంలో అంటున్నాడు."

"డబ్బాలో లెక్కపెట్టండి బావగారూ. ఇమ్మానుయేలు రాసినదానికి ఒకటి తక్కువుంటుంది."

"నా భార్య మాటకంటే నాకు మాత్రల లెక్క ఎక్కువా?" అన్నాడు మా బావ. "యాభై మూడేళ్ళలో ఆవిడ నాతో అబద్ధమాడలేదు."

ఆడింది. ఇన్నేళ్ళూ బాధేం లేదని ఒకటే ఆడుతూ వచ్చింది. ఇది రెండోది.

నాగసాయి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "ఇచ్చెయ్యి మావయ్యా." నేను ఇవ్వలేదు. నా జేబులో చెయ్యి పెట్టి తనే తీసుకున్నాడు. డెబ్భై ఏళ్ళవాణ్ణి, ఆపినా ఆగేవాడు కాదని చెప్పుకోవచ్చు. ఆపలేదు. వీధిలో బండి స్టార్టయింది. ఆ ఇంట్లోంచి బయటపడటానికి ఒక పని దొరికినందుకు వాడు సంతోషించే ఉంటాడు.

మా బావ పూజగదిలోకి వెళ్ళాడు. నేను మంచం పక్కకి వంగాను.

"ఎందుకన్నావే అలాగ?"

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"పెట్టె వీధిలో పెడతానన్నారు కదరా" అంది. "ఆయన అన్నంత పనీ చేస్తారు. నీకు వండుకోవడం కూడా రాదు."

ఆవిడ దుప్పటి సరిచేశాను.

వెనక నుంచి కృష్ణప్రియ గొంతు వినబడింది. చీర మార్చుకుంది. చేతిలో ఆస్పత్రి కాగితాల కవరు ఉంది.

"బాబాయిగారూ, ఏలూరు బస్సు ఎన్నింటికండీ?"

"మూడింటిది వెళ్ళిపోయింది."

"తరవాతది?"

"అయిదున్నరకి."

"అంతదాకా ఆగితే లాభం లేదండి. మెయిన్ రోడ్డు దాకా నడిచిపోతాను. ఏ ఆటో అయినా దొరక్కపోదు."

"ఆరింటికి తిరిగి రాలేవమ్మా."

"రాలేనండి. మళ్ళీ రాయించుకుని రాత్రికైనా వస్తాను కదా."

వసారాలోకి వెళ్ళింది. పూజగదిలో గంట మోగుతున్నది ఆగిపోయింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మా బావ.

కృష్ణప్రియ ఒక కాలికి చెప్పు తొడుక్కుంది. రెండోది తొడుక్కోలేదు. జవాబు నన్ను చెప్పమన్నట్టు నా వైపు చూసింది. మంచం మీదనుంచి అక్కయ్య కూడా నా వైపే చూస్తోంది, చెప్పద్దన్నట్టు.